‘ఆన్ యువర్ లెఫ్ట్’ అన్నాను, ఆయన లెఫ్ట్‌కే వచ్చారు

ప్రశ్న: మేముండేది వర్జీనియాలోని ఆష్‌బర్న్‌లో. వారానికి మూడు రోజులు డబ్ల్యూ అండ్ ఓడీ ట్రైల్ మీద సైకిలు తొక్కుతాను. మొన్న శనివారం పొద్దున్న గంటకు 18 మైళ్ల వేగంతో వస్తున్నాను. ముందు ఒక పెద్దాయన మంకీ క్యాప్ పెట్టుకుని, చేతులు వెనక్కి కట్టుకుని నడుస్తున్నారు. దగ్గరికి వచ్చాక ఇక్కడి పద్ధతి ప్రకారం ‘ఆన్ యువర్ లెఫ్ట్’ అని గట్టిగా అరిచాను. ఆయన ఉలిక్కిపడి సరిగ్గా ఎడమ వైపుకే జరిగారు. బ్రేకు కొట్టి, గడ్డిలోకి తిప్పి పడిపోయాను. మోచెయ్యి గీసుకుపోయింది. ఆయనకు తగల్లేదు కానీ భయంతో అక్కడే కూలబడ్డారు. ‘అదేంటి బాబూ, లెఫ్ట్ లెఫ్ట్ అన్నావని లెఫ్ట్‌కి వచ్చాను కదా’ అన్నారు. తెలుగువారని అప్పుడు తెలిసింది. వెనకే వస్తున్న వాళ్లబ్బాయి నన్ను నానా మాటలూ అన్నాడు. రూలు ప్రకారం చెప్పే కదా వచ్చాను, నా తప్పేముంది? పది రోజుల్లో మా నాన్నగారు తెనాలి నుంచి వస్తున్నారు. ఆయన్ని ఆ దారిలో వాకింగ్‌కి పంపాలంటే ఇప్పుడు టెన్షన్‌గా ఉంది. మా ఆవిడ బెల్ పెట్టుకోమంటోంది. మా రైడింగ్ గ్రూపులో బెల్ అంటే చిన్నపిల్లల సైకిలు అని నవ్వుతారు. ఏం చెయ్యమంటారు?

జవాబు: తప్పు మీదే. పూర్తిగా కాదు, ముప్పాతిక వంతు. మిగిలిన పావు వంతులో ఆ పెద్దాయన మంకీ క్యాప్‌కి కొంత, ‘ఆన్ యువర్ లెఫ్ట్’ అనే ఆ పిలుపుకి కొంత.

‘రూలు ప్రకారం చెప్పాను కదా’ అన్నారు. రూలు ఏమంటోందో చూద్దాం. వర్జీనియా చట్టంలో 46.2-904 అనే సెక్షన్ ఉంది. కాలిబాట మీదైనా, ఇలాంటి ఉమ్మడి దారి మీదైనా సైకిలు తొక్కేవాళ్లు రెండు పనులు చెయ్యాలంటుంది. ఒకటి, నడిచేవాళ్లకు దారి ఇవ్వాలి. రెండు, వాళ్లను దాటే ముందు వినబడేలా సంకేతం ఇవ్వాలి. మీ గ్రూపులో అందరికీ రెండోది బాగా గుర్తుంది, మొదటిది ఎవరికీ గుర్తున్నట్టు లేదు. చెప్పేస్తే దారి మనదైపోతుందని ఎక్కడా రాయలేదు. ‘హారన్ కొట్టాను, వాడు తప్పుకోలేదు, నేనేం చేసేది’ అనే లారీ డ్రైవరు వాదన మన ఊళ్లలో చాలాసార్లు విన్నాం. మీది కూడా దానికి చుట్టమే, హెల్మెట్ పెట్టుకుందంతే.

మీరు తొక్కుతున్న ఆ దారి ఒకప్పుడు రైలు మార్గం. వాషింగ్టన్ అండ్ ఓల్డ్ డొమినియన్ అనే రైల్వే లైను 1968లో మూతపడ్డాక, ఆ జాగాలోనే షర్లింగ్టన్ నుంచి పర్సెల్‌విల్ దాకా 45 మైళ్ల దారి వేశారు. రైలుకైతే పట్టాలున్నాయి, అది పక్కకు తప్పుకోలేదు. కూత వేస్తే తప్పుకోవాల్సింది మనమే. మీకు హ్యాండిలుంది, రెండు బ్రేకులున్నాయి, పక్కన బోలెడంత గడ్డి కూడా ఉందని మీ మోచేతికి తెలిసే ఉంటుంది. అయినా చాలామంది ఆ దారి మీద ఇంకా రైలు నడుపుతున్నట్టే తొక్కుతారు.

ఇక ఆయన ఎడమకే ఎందుకు వచ్చారన్న సంగతి. ఇది నాకు భలే ఆసక్తిగా అనిపించింది, ఎందుకంటే మా మామగారు కూడా సరిగ్గా ఇదే చేశారు.

‘ఆన్ యువర్ లెఫ్ట్’ అంటే ‘నేను మీ ఎడమ పక్క నుంచి వెళుతున్నాను’ అని. ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లకు ఆ మూడు మాటలు విడివిడిగా వినబడవు, ఒక్క కూతలా వినబడతాయి. కొత్తగా వచ్చినవాళ్లకు అందులో ‘లెఫ్ట్’ ఒక్కటే చెవిన పడుతుంది. వెనక నుంచి ఎవరో గట్టిగా ‘లెఫ్ట్’ అని అరిస్తే ఎవరైనా ఏం చేస్తారు? ఎన్‌సీసీలో చేరినవాళ్లయితే మరీనూ. పైగా మనవాళ్లకు ఇంకో అలవాటుంది. మన దేశంలో బండ్లన్నీ రోడ్డుకు ఎడమ పక్కన నడుస్తాయి. వెనక హారన్ మోగిందంటే మనిషి ఆలోచించకుండానే ఎడమ అంచుకు జరిగిపోతాడు. డెబ్భై ఏళ్లుగా కాళ్లకు పట్టిన అలవాటు అది, వీసా స్టాంపు పడగానే మారిపోదు. కాబట్టి ఆయనకు చెవీ ఎడమే చెప్పింది, కాళ్లూ ఎడమే చెప్పాయి. ఆ పెద్దాయన మీ మాట వినకపోవడం కాదు, అక్షరాలా విన్నారు.

మరి ఏమనాలి? దూరం నుంచే ‘ఎక్స్‌క్యూజ్ మీ’ అన్నా చాలు, ‘గుడ్ మార్నింగ్, సైకిల్ కమింగ్’ అన్నా మేలే. దిక్కు చెప్పకపోతే ఆ మనిషి ముందు తల తిప్పి చూస్తాడు, మీకు కావాల్సింది అదే. చూశాక తనకు తోచిన పక్కకు జరుగుతాడు, మీరు రెండో పక్క నుంచి వెళ్లండి. ముందున్నది తెలుగువాళ్లని కచ్చితంగా తెలిస్తే ‘అంకుల్, సైకిలు వస్తోంది, మీరు అలాగే నడవండి’ అనండి. ‘అలాగే నడవండి’ అన్న మాటకు విలువ చాలా ఉంది. కంగారుపడి గెంతక్కర్లేదని అది ముందే చెబుతుంది. అయితే మన రంగు మనిషి కనబడగానే తెలుగులో మొదలుపెట్టకండి. నేనొకసారి ‘అమ్మా, కొంచెం పక్కకి’ అంటే ఆవిడ గుజరాతీలో జవాబిచ్చారు. ఇద్దరం నవ్వుకున్నాం కానీ, ఆవిడ మాత్రం పక్కకు జరగలేదు.

ఇంతకూ అసలు చిక్కు మాటలో లేదు, దూరంలో ఉంది. ‘దగ్గరికి వచ్చాక’ అరిచానని మీరే రాశారు. లెక్క చూడండి. గంటకు 18 మైళ్లంటే సెకనుకు దాదాపు 26 అడుగులు. ఆయన నడక సెకనుకు 4 అడుగులనుకుందాం. అంటే ప్రతి సెకనుకూ మీరు ఆయనకు 22 అడుగులు దగ్గరవుతున్నారు. 20 అడుగుల దూరంలో అరిస్తే ఆయన చేతిలో ఉన్నది ఒక్క సెకను కూడా కాదు. ఆ సెకనులో వినాలి, ఎవరో తననే అంటున్నారని గ్రహించాలి, ఇంగ్లీషు అర్థం చేసుకోవాలి, ఏ పక్కకో తేల్చుకోవాలి, జరగాలి. ఒలింపిక్స్‌లో పరుగెత్తేవాళ్లకైనా ఇది కష్టమే. అదే 100 అడుగుల దూరంలో బెల్ కొడితే నాలుగు సెకన్లు దొరుకుతాయి. నాలుగు సెకన్లంటే తీరిగ్గా వెనక్కి తిరిగి, ‘ఓహో, సైకిలా’ అనుకునేంత టైము.

మీ వైపు నుంచి కూడా లెక్క వెయ్యండి. ఆ వేగంలో మీరు ప్రమాదం గుర్తించి, బ్రేకు పట్టి, పూర్తిగా ఆగేసరికి సుమారు 50 అడుగులు పడుతుంది. గంటకు 10 మైళ్లకు తగ్గిస్తే అందులో సగం కూడా అక్కర్లేదు. అందుకే మనుషులు కనబడగానే మొదట చెయ్యాల్సింది అరవడం కాదు, పెడల్ ఆపడం. వేగం తగ్గాకే బెల్లైనా, మాటైనా. చాలామంది వరస తిరగేస్తారు. ముందు అరిచి, ఎదుటివాళ్లు కదలకపోతే అప్పుడు బ్రేకు వైపు చూస్తారు. ఫోన్‌లో రైడ్ యాప్ టైము లెక్కపెడుతుంటే బ్రేకు మీద చెయ్యి పడదు, నాకు తెలుసు. రికార్డు కొట్టాలనుంటే తెల్లవారకముందే ఖాళీగా ఉన్న రోడ్డు చూసుకోండి. ఏప్రిల్ శనివారం పొద్దున ఏడింటికి ఆష్‌బర్న్ ట్రైల్ మీద పందెమంటే, సంత రోజున సంత వీధిలో పందెం కట్టినట్టే.

మీరు పిలిచాక ఆయన తల తిప్పలేదు, చెయ్యి ఊపలేదు, నడక మారలేదు అనుకోండి. వినబడలేదన్నమాట. ఇంకోసారి పిలవండి. అప్పటికీ ఉలుకూ పలుకూ లేకపోతే ఆయన వెనకే నడక వేగంతో వెళ్లి, వెడల్పున్న చోట దూరంగా దాటండి. అవసరమైతే దిగండి. పది సెకన్లు పోతాయి, అంతే. చెవుడున్నవాళ్లూ చూపు తగ్గినవాళ్లూ ఆ దారిలో ఎందరో నడుస్తారు, వెనక నుంచి చూస్తే మనకేమీ తెలియదు. బ్రిటన్‌లో 2022లో మార్చిన హైవే కోడ్, అంటే అక్కడి రోడ్డు నియమాల పుస్తకం, సైకిలు తొక్కేవాళ్లకు ఇదే చెబుతుంది. నడిచేవాళ్లను వెనక నుంచి దగ్గరగా, వేగంగా దాటొద్దని, వాళ్లకు వినబడకపోవచ్చు, కనబడకపోవచ్చు అని గుర్తుంచుకోమని. వర్జీనియా సెక్షన్ ఇంత విడమర్చి చెప్పలేదు కానీ, నాకు ఆ ‘వెనక నుంచి’ అన్న ముక్క నచ్చింది. ఎదురుగా వచ్చే సైకిలు ఎవరినీ భయపెట్టదు.

వయసు మీద పడినవాళ్ల చెవుల గురించి ఒక సంగతి చెప్పాలి. వయసుతో వచ్చే వినికిడి లోపంలో మొదట పోయేది సన్నని, కీచు శబ్దాలు. మామూలు గొంతు వినబడేవాళ్లకు కూడా చిన్న ఇత్తడి బెల్ ‘టింగ్’ మనడం వినబడకపోవచ్చు. వినబడినా ఏ వైపు నుంచి వచ్చిందో పోల్చుకోలేక అటూ ఇటూ చూస్తారు. పైన మంకీ క్యాప్ ఉంటే ఇక చెప్పక్కర్లేదు. అందుకని పెద్దవాళ్ల దగ్గర బెల్ ఒక్కటే చాలదు. దూరంలో బెల్, ఆ తర్వాత మామూలు గొంతుతో ఒక మాట. కీచుగా అరవొద్దు. అరుపు వింటే ఎవరైనా మొదట భయపడతారు, తర్వాతే అర్థం చేసుకుంటారు.

అయితే బెల్ వద్దా అంటే, కావాలి. మీ ఆవిడ చెప్పింది నిజం. ఈ దేశంలో కారు హారన్ కొడితే తిట్టినట్టే కానీ, సైకిల్ బెల్‌కి ఆ చెడ్డపేరు లేదు. ‘ట్రింగ్’మంటే చాలామంది నవ్వుతూ పక్కకు జరుగుతారు. మనిషి గొంతులో తొందర ఉంటుంది, విసుగు ఉంటుంది, ఆయాసం ఉంటుంది. బెల్‌కి అవేవీ లేవు. అన్ని భాషలవాళ్లకూ అది సైకిలనే తెలుస్తుంది, ఎడమా కుడీ గొడవ లేదు. పిల్లల సైకిలని నవ్వే మీ మిత్రులకు ఒక మాట చెప్పండి. బ్రిటన్‌లో కొత్త సైకిలును బెల్ బిగించకుండా అమ్మకూడదని నిబంధనే ఉంది. పిల్లల సైకిలుకొక్కదానికే కాదు.

మీ గ్రూపు ఊసు వచ్చింది కాబట్టి అదీ చెప్పేస్తాను. ఐదారుగురు బారుగా పోతున్నప్పుడు ముందున్నవాడు పిలుస్తాడు, వెనకవాళ్లు ఆ పిలుపు తమకూ సరిపోయిందనుకుంటారు. నడిచే మనిషి పక్కకు జరుగుతాడు, మొదటి సైకిలు వెళ్లిపోగానే హమ్మయ్య అనుకుని మళ్లీ దారిలోకి వస్తాడు. రెండో సైకిలు సరిగ్గా అప్పుడే వస్తుంది. ముందున్నవాడు ‘ఇంకా నలుగురున్నారు’ అని అనాలి. ఆఖరివాడు ‘నేనే లాస్ట్, థాంక్స్’ అనాలి. మీ గ్రూపులో ఎవరైనా అంటారా? నేను నడిచేటప్పుడు ఇలా చెప్పినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టగలను.

ట్రైల్ చాలాచోట్ల పది అడుగుల వెడల్పు ఉంటుంది. ఇద్దరు పక్కపక్కన నడుస్తుంటే సగం పోయింది. ఎదురుగా ఇంకో సైకిలు వస్తే మిగిలిన సగం దానిది. మీరు మధ్యలో దూరితే ముగ్గురికీ చాలదు. అప్పుడు వెనకే ఆగి, ఎదుటి సైకిలు పోయాక దాటాలి. ఫాల్స్ చర్చ్ ఊళ్లో నడిచేవాళ్లకూ సైకిళ్లకూ విడివిడిగా రెండు దారులు వేశారు కాబట్టి అక్కడ ఈ తలనొప్పి కాస్త తక్కువ. ఆష్‌బర్న్‌లో మనకు ఉన్నది ఒక్కటే.

కుక్కల దగ్గర నా సొంత అనుభవం చెబుతాను. చాలా ఏళ్ల కిందట హెర్న్‌డన్ దగ్గర సాయంత్రం పూట తొక్కుతున్నాను. ఒకావిడ దారికి కుడి అంచున నిలబడి ఫోన్ మాట్లాడుతోంది. ఎడమ అంచున గడ్డిలో చిన్న కుక్క ఏదో వాసన చూస్తోంది. మధ్యలో దారంతా ఖాళీ. ఎంత మర్యాదస్తురాలిని కాకపోతే బెల్ కూడా కొట్టాను! ఆ ఖాళీలో ఒక సన్నటి నల్లతాడు ఉందని చక్రానికి తగిలాకే తెలిసింది. కుక్కకేమీ కాలేదు. నాకు ముందు పన్ను చివర విరిగింది, ఇప్పటికీ నవ్వితే కనబడుతుంది. అప్పటినుంచి కుక్కకూ మనిషికీ మధ్య ఖాళీ కనబడితే అది ఖాళీ కాదనే అనుకుంటాను. చిన్నపిల్లలు కాలితో తోసుకునే స్కూటర్ల మీద పోతుంటే కూడా అంతే. వాళ్లు బెల్ వినగానే పక్కకు జరగరు, సైకిలు చూడ్డానికి మీ వైపే తిరుగుతారు. తల ఎటు తిరిగితే స్కూటరూ అటే.

ఇక మీ నాన్నగారు. ఆయనకు చెప్పాల్సినవి చాలా లేవు కానీ, విమానం దిగిన మర్నాడే ఒక లెక్చర్ దంచకండి. మొదటి నాలుగు రోజులు సైకిలు ఇంట్లో పెట్టి ఆయనతో కలిసి నడవండి. ఇక్కడ కుడి అంచున నడవాలని కాళ్లకు అలవాటు కావాలి, అది చెబితే రాదు, పక్కన ఎవరైనా నడిస్తే వస్తుంది. వెనక ఏ చప్పుడైనా, ఎవరు ఏమన్నా, ‘మీరు అడుగు పక్కకు వెయ్యొద్దు, ఉన్న వరసలోనే నడవండి, వాళ్లే తప్పించుకుపోతారు’ అని చెప్పండి. ‘లెఫ్ట్’ అంటే ‘నువ్వు కదలకు’ అని అర్థం చెప్పండి. ఇది నేను మా మామగారి మీద ప్రయోగించి చూసిన అనువాదం, పనిచేసింది.

మన పెద్దవాళ్లలో ఇంకో అలవాటుంది, గమనించారో లేదో. అరగంట నడిచాక గడియారం చూసుకుని, దారి నడిమధ్యలో టక్కున వెనక్కి తిరుగుతారు. ఊళ్లో స్కూలు గ్రౌండులో రౌండ్లు కొట్టినప్పుడు అది చెల్లింది. ఇక్కడ ముందు అంచు దిగి గడ్డి మీద ఆగాలి, రెండు వైపులా చూడాలి, అప్పుడు తిరగాలి. నలుగురైదుగురు నాన్నలు జతకూడితే వరసగా దారి మొత్తం ఆక్రమించి రాజకీయాలు మాట్లాడుకుంటూ పోతారు. వాళ్లను తప్పుపట్టలేం, రోజంతా కొడుకూ కోడలూ ఆఫీసు కాల్స్‌లో ఉంటే మనుషులతో మాట దొరికేది ఆ గంటే. కానీ ఇద్దరిద్దరుగా నడవమనండి. ఫోన్ సంగతీ చూడండి. ఇక్కడ పొద్దున ఏడంటే అక్కడ సాయంత్రం నాలుగున్నర, తెనాలి కబుర్లన్నీ అప్పుడే వస్తాయి. రెండు చెవుల్లోనూ ఇయర్‌ఫోన్ పెట్టుకోకుండా ఒక చెవిని ఖాళీగా ఉంచమనండి. మీకూ అదే మాట. వర్జీనియాలో రోడ్ల మీద రెండు చెవుల్లోనూ ఇయర్‌ఫోన్లు పెట్టుకుని సైకిలు తొక్కడం చట్టవిరుద్ధం, ట్రైల్ మీద మాత్రం ఎందుకు? చలిగా ఉంటే మంకీ క్యాప్ బదులు చెవులు మూయని ఉన్ని టోపీ కొనిపెట్టండి. ‘చెవుల్లోకి గాలి పోతే రొంప పడుతుంది’ అంటారు. మీరు గెలిచే వాదన కాదది. క్యాప్ ఉంటే ఉండనివ్వండి, అలాంటప్పుడు మీరు పక్కన ఉండండి.

ఆ పెద్దాయన్ని వచ్చే శనివారం అదే టైముకి, అదే చోట వెతకండి. ఆ వయసువాళ్లు నడక టైము మార్చరు, దొరుకుతారు. సైకిలు దిగి నడుస్తూ ఎదురుగా వెళ్లండి, వెనక నుంచి కాదు. ‘దగ్గరికి వచ్చేదాకా పిలవకపోవడం నా తప్పండీ’ అని ఒక్క మాట చెప్పండి. రూలు వివరించొద్దు, ‘ఆన్ యువర్ లెఫ్ట్’ అంటే అర్థమేమిటో అసలే చెప్పొద్దు. వాళ్లబ్బాయి మళ్లీ నాలుగు అంటే పడండి. తండ్రి నేల మీద కూలబడ్డం చూసినవాడు అంతకన్నా మెత్తగా మాట్లాడడు. పది రోజులు పోతే ఆ స్థానంలో మీరే ఉంటారు.

బెల్ కొనేటప్పుడు చూడాల్సిందొకటే. బ్రేకు మీద నుంచి చెయ్యి తియ్యకుండా బొటనవేలు అందేలా బిగించుకోండి. మీ ఆవిడను ఒక వంద అడుగుల దూరంలో వీపు తిప్పి నిలబడమని, కొట్టి చూడండి. ఆవిడకు వినబడకపోతే వెనక్కిచ్చి ఇంకోటి తెచ్చుకోండి.